ధర తెలిసిన రైతు

కాజీపేట నుంచి విజయవాడకు పోయే రైలుమార్గంలో మహబూబాబాద్ దాటిన తరువాత, డోర్నకల్ జంక్షన్ రాకముందే, గార్ల అనే స్టేషను వస్తుంది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఖమ్మం జిల్లాలో ఉండి, ఆనాటి నుంచి మహబూబాబాద్ జిల్లాలో చేరిన మండల కేంద్రమది. చుట్టుప్రక్కల లంబాడా తండాలు, వరి మళ్లు, పత్తి చేలు, వాటి నడుమ మిరప తోటలు. ఈ ఊరికి ఉత్తరాన వరంగల్లులోని ఏనుమాముల మార్కెట్టు, దక్షిణాన ఖమ్మం మార్కెట్టు. రెండూ మిరపకాయ వ్యాపారానికి పేరుపొందినవే. ఇదే రైలుమార్గం పట్టుకొని ఇంకా ముందుకు పోయి కృష్ణ దాటితే గుంటూరు. అంటే గార్ల రైతు పండించిన కాయకు ఒకటి కాదు, మూడు ద్వారాలు తెరిచి ఉన్నవన్నమాట. పటం చూచినవారికి అలాగే తోస్తుంది.

ఇంటర్నెట్టు, చేతి ఫోను, వాటిని ఆశ్రయించి పెరిగిన సామాజిక మాధ్యమాలు మన క్రయవిక్రయాలను, మన వార్తావినిమయాన్ని ఏవిధంగా మార్చివేస్తున్నవో ముచ్చటించవలసి వచ్చినప్పుడు ఎవరైనా బెంగుళూరునో, హైదరాబాదునో తలుస్తారు. నేను గార్లను తలచడానికి కారణం ఉన్నది. నగరవాసికి ఈ మార్పు వల్ల కలిగేది చాలవరకు సౌకర్యం. సబ్బుబిళ్ల గుమ్మం దగ్గరకు వస్తుంది, సినిమా టిక్కెట్టు అరచేతిలోకి వస్తుంది. రాకపోయినా కొంప మునగదు. ఎకరానికి లక్ష రూపాయలకు పైగా మదుపు పెట్టి, అందులో అధికభాగం అప్పు తెచ్చిన మిరప రైతు సంగతి అటువంటిది కాదు. అతనికి చేరిన వార్త ఏమిటి, ఎప్పుడు చేరింది, ఎవరు పంపించారు అన్నదాని మీద ఏడాది కష్టమంతా ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఈ కొత్త సాధనాల బలమెంతో, బలహీనత యెక్కడో తెలియాలంటే అక్కడికే పోయి చూడాలి.

మాఘ ఫాల్గుణ మాసాలలో కాయ కల్లాల్లో ఎండుతూ ఉండగా ఆ ప్రాంతంలో ప్రతి ఉదయమూ ఫోనులో ఒక కబురు వస్తుంది. ఖమ్మంలో తేజ రకానికి ఈనాడు జెండాపాట ఇంత అని ఒక అంకె, దానితో పాటు ఎర్రగా మెరిసే ఒక రాశి బొమ్మ. మార్కెట్టు పరిభాష ఎరుగని శ్రోతల కోసం జెండాపాటను గురించి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. ప్రొద్దున మార్కెట్టు తెరిచిన వెంటనే, ఆనాడు వచ్చిన సరుకులో మేలైన రాశి ఒకదాన్ని ఎంచుకొని, దాని దగ్గర ఖరీదుదారులందరూ గుమిగూడి పాట పాడుతారు. ఆ పాటలో పలికిన ధరే జెండాపాట. తక్కిన రాశులకు ఆ తరువాత ఒక్కొక్కదానికే విడివిడిగా ధర కడతారు. తేమ ఉన్నదని కొంత, తాలు కలిసిందని కొంత, రంగు తగ్గిందని మరికొంత తగ్గుతూ పోగా, చాలామంది రైతుల తక్‌పట్టీలలో చివరకు పడే అంకె జెండాపాటకు ఎంతో దిగువన ఉంటుంది. జెండాపాట ఎరువు తెచ్చిన నగల వంటిది. పెళ్లిపీటల మీద అందరూ చూస్తారు; మరునాటికి ఆ పిల్ల మెడలో ఉండదు.

ఫోనులో వచ్చిన అంకె అబద్ధం కాదని గమనించాలి. ఆ ధరకు ఒక రాశి నిజంగానే అమ్ముడుపోయింది. అయినా ఆ అంకెను చూచి బస్తాలను డీసీఎం బండికి ఎత్తించి తెల్లవారేసరికి మార్కెట్టు చేరిన రైతు, సాయంకాలం తక్‌పట్టీ చేతికి వచ్చేసరికి మోసపోయినట్టే భావిస్తాడు. నిజమైన వార్త చేత మనిషి మోసపోవడం ఎలాగ? ఈనాటి ప్రచార విధానంలోని కిటుకంతా ఈ ప్రశ్నలోనే ఉన్నదని నాకు తోస్తుంది.

వెనుకటి సంగతులు కొంచెం తలచుకొందాము. ఊళ్లో చాటింపు వేయవలసి వస్తే డప్పు పట్టుకొన్న మనిషి నాలుగు వీధుల కూడలిలో నిలబడి చెప్పేవాడు. ఆ మాట పట్వారీ విన్నాడు, పాలేరూ విన్నాడు. ఇద్దరూ విన్నది ఒకటే మాట. ఊరికి టూరింగు టాకీసు వస్తే ఎడ్లబండికి రెండు ప్రక్కలా బొమ్మలు కట్టి, మైకులో పాటలు వేస్తూ, కరపత్రాలు విసురుతూ పోయేవారు. ఆ బండి వెంట పరుగెత్తని పిల్లవాడు లేడు. అంగట్లో గాజులమ్మే మనిషి కేకా అటువంటిదే. వీటన్నిటికీ సమానమైన గుణం ఒకటి ఉన్నది: చెప్పేవాడు నలుగురి ఎదుట చెప్పాలి, విన్నవారు నలుగురిలో వింటారు. మాట తప్పయితే వచ్చే వారం అదే అంగట్లో నిలదీయడానికి మనిషి దొరుకుతాడు.

రేడియో వచ్చిన తరువాత కూడ ఆ గుణం పోలేదు. గ్రామస్థుల కార్యక్రమంలో ధరవరలు చదివేటప్పుడు గార్లలో వినబడిన అంకె, గద్వాలలో వినబడిన అంకె ఒకటే. వ్యవసాయదారులకు ప్రత్యేకమైన విభాగాలు రేడియో కేంద్రాలలో 1966 నుంచి ఏర్పడినవి. తంజావూరు ప్రాంతంలో ఏడీటీ 27 అనే వరి వంగడాన్ని రైతులు రేడియోలో విని సాగు చేసి, దానికి రేడియో వరి అనే పేరు పెట్టుకొన్న సంగతి ప్రసిద్ధమే. ఇక సొమ్ము సంగతి. రేడియో ఉన్న గృహస్థు 1980ల దాకా ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము చెల్లించేవాడు. వివిధ భారతిలో వాణిజ్య ప్రకటనలు 1967 నవంబరు 1న మొదట బొంబాయి, పూనా, నాగపూరు కేంద్రాలలో ప్రవేశించినవి. ప్రవేశించిన తరువాత కూడ అది ప్రకటన అని వినేవానికి స్పష్టంగా తెలిసేది. పాట వేరు, సబ్బు వేరు. రెండింటికీ నడుమ గంట మ్రోగేది.

రేడియోకు లోపాలు లేవని నేను అనను. ధరవరలు సాయంకాలం వినబడేవి. వ్యాపారం ప్రొద్దుననే ముగిసిపోయేది. వినేవాడు తిరిగి ప్రశ్న అడగాలంటే కార్డు వ్రాయవలసిందే. జవాబు వినేసరికి పంట చేతికి వచ్చేది. తండాలలో ఇంటింటా మాట్లాడే గోర్ బోలీకి రేడియోలో దక్కిన కాలం చాల స్వల్పం.

ఈ లోపాలన్నిటినీ ఫోను ఒక్కసారిగా తీర్చినట్టు కనబడింది. మన దేశంలో ఇంటర్నెట్టు ప్రజలకు అందుబాటులోకి వచ్చినది 1995 ఆగస్టు 15న. కాని పల్లెకు అది నిజంగా చేరినది 2016 సెప్టెంబరులో జియో సంస్థ చౌక ధరకు డేటా ఇవ్వడం మొదలుపెట్టి, పోటీదారులందరూ ధరలు దించవలసి వచ్చిన తరువాతనే. అదే సంవత్సరం ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం జాతీయ వ్యవసాయ మార్కెట్టును, అంటే ఈ-నామ్‌ను, ప్రారంభించింది. తొలి విడతలోనే వరంగల్లు మార్కెట్టును అందులో చేర్చారు. యెక్కడి కొనుగోలుదారుడయినా యెక్కడి రాశికయినా కంప్యూటరు ద్వారా ధర వేయవచ్చుననేది దాని ఉద్దేశం. గార్ల రైతుకు ఒక్క ఏడాదిలోనే జిల్లా మారింది, చేతిలోకి ఇంటర్నెట్టు వచ్చింది, మార్కెట్టుకు కంప్యూటరు వచ్చింది.

ధర తెలిస్తే రైతుకు మేలు జరుగుతుందనే ఆశకు శాస్త్రీయమైన ఆధారం లేకపోలేదు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త ఉత్తర కేరళలోని చేపల రేవులను పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసం లోకప్రసిద్ధమయింది. 1997 జనవరిలో ఒకనాటి ఉదయం వడకర రేవులో 11 పడవలవారు కొనేవారు లేక తమ చేపలను పారవేసి పోయారు. అదే ఉదయం 15 కిలోమీటర్ల లోపున ఉన్న రేవులలో కొనేవారు చేపలు దొరకక నిలబడి ఉన్నారు. తరువాత నాలుగేళ్లలో ఆ తీరానికి మొబైలు ఫోన్లు వచ్చినవి. సముద్రంలో ఉండగానే నాలుగు రేవుల ధరలు కనుక్కొని పడవను తిప్పడం మొదలయింది. చేపలు పారవేయడం దాదాపు నిలిచిపోయింది. జాలరుల లాభం 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది. అమ్మేవాడూ బాగుపడి, కొనేవాడూ బాగుపడడం అర్థశాస్త్రంలో తరచుగా కనబడే వింత కాదు.

అయితే ఇదే ప్రయోగం పొలాల మీదకు వచ్చేసరికి ఫలితం మారిపోయింది. ఫాఫ్‌షాం, మింటెన్ అనే ఇద్దరు పరిశోధకులు మహారాష్ట్రలో 100 గ్రామాలు తీసుకొని, కొన్ని గ్రామాల రైతులకు ధరలు, వాతావరణ సమాచారం ఫోనులో సందేశాలుగా అందేటట్టు చేసి చూచారు. 2012లో ప్రకటించిన ఆ పరిశీలనలో, సందేశాలు అందుకొన్న రైతులకు సగటున ఎక్కువ ధర లభించినట్టు తేలలేదు.

ఒకచోట ఫలించిన సాధనం మరొకచోట ఎందుకు ఫలించలేదు? జాలరి పడవను తిప్పగలడు. మిరప రైతు బండిని తిప్పలేడు. విత్తనానికి, మందుకు, కాయ ఏరిన కూలీలకు అడ్తిదారు దగ్గర బాకీ తెచ్చినవాడు ఆ అడ్తి దుకాణానికే సరుకు తోలాలి. ఏనుమాములలో వేయి రూపాయలు ఎక్కువ పలుకుతున్నదని ఫోను చెప్పినా, అతని బాకీ ఖమ్మంలో ఉన్నది. అటుపైన బండి బాడుగ, హమాలీ, ఒక రాత్రి మార్కెట్టులో పడిగాపులు, అకాల వర్షం వస్తే కప్పుకోవడానికి పట్టా లేకపోవడం ఉన్నవి. దూరాన ఉన్న ఖరీదుదారు కంప్యూటరులో ధర వేయవచ్చునంటే వేయవచ్చును. కాని మిరపకాయను చేతబట్టి విరిచి, గింజ చూచి, ముక్కు దగ్గర పెట్టుకొనే అలవాటున్నవాడు బొమ్మను చూచి ఎంతవరకు కొంటాడు? ధర తెలియడం వేరు, ధరను కాదనగలగడం వేరు. మొదటిది ఫోను ఇచ్చింది. రెండవది ఇవ్వవలసినవి శీతల గిడ్డంగి, బ్యాంకు పరపతి, సహకార సంఘం.

ఈ భేదం 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్టులో బాహాటమయింది. అంతకు ముందటి ఏడు క్వింటాలుకు 10,000 రూపాయలు దాటిన మిరప ధర ఊరూరా తెలిసినదే. పత్తి తగ్గించుకొమ్మన్న సలహా కూడ ఆ ఏడు రైతులు విని ఉన్నారు. ధర అందరికీ తెలిసింది కనుకనే అందరూ మిరప వేశారు. పంట చేతికి వచ్చేసరికి ధర 3,000, 4,000 రూపాయలకు పడిపోయింది. కొన్ని రాశులకు అంతకంటె తక్కువే. ఆనాడు కొనుగోలు మందగించడంతో రైతుల ఆగ్రహం కట్టలు తెంచుకొన్నది. మార్కెట్టు కార్యాలయంలో సామగ్రి ధ్వంసమయింది. అరెస్టయిన రైతులను తరువాత బేడీలతో న్యాయస్థానానికి తీసుకురావడం దేశమంతటా కలకలం రేపింది. కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు 5,000 రూపాయల చొప్పున కొనుగోలుకు పథకం ప్రకటించేసరికి మే నెల వచ్చింది. అప్పటికే అమ్ముకొన్నవారు అమ్ముకొన్నారు.

నాటి వార్తలో కూడ అబద్ధం లేదు. నిరుటి ధర నిజమే. దానిని చూచి ఎంతమంది నాట్లు వేస్తున్నారన్న రెండవ వార్త మాత్రం ఎవరికీ చేరలేదు. ఫోను మనకు ప్రక్కవాని పెళ్లి విందును చూపినంత చక్కగా ప్రక్కవాని పొలంలో విత్తిన విస్తీర్ణాన్ని చూపదు. చూపడం వల్ల ఎవరికీ రాబడి లేదు గదా!

రాబడి మాట వచ్చింది కాబట్టి, ఈ ఉచితమైన ఫోను వినోదానికి ఖర్చు పెట్టుకొంటున్నది ఎవరో విచారిద్దాము. ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడింటికీ యజమాని అయిన మెటా సంస్థకు 2023లో వచ్చిన రాబడిలో నూటికి 97 వంతులకు పైగా ప్రకటనల సొమ్మే. ఆ ప్రకటనలు అమ్ముడుపోయే పద్ధతి చాల చిత్రమయినది. మనము ఫోను తెరిచి వేలితో తెరను పైకి నెట్టిన ప్రతిసారీ, తరువాత మన కంటబడవలసిన ప్రకటన ఏది అనే దానికి రెప్పపాటులో ఒక వేలంపాట జరుగుతుంది. ఈ మనిషి వయస్సు ఇంత, ఉండే చోటు ఇది, నిన్న రాత్రి మిరప ఆకుముడత గురించి వెతికాడు, మొన్న అప్పుకోసం వెతికాడు అన్న వివరాల మీద లెక్కకట్టి, యంత్రాలే ధర వేస్తవి, యంత్రాలే పాట ముగిస్తవి. ఇంతవరకు ఖమ్మం మార్కెట్టులో మిరప రాశికి పాట పాడడం చూచాము. ఇక్కడ రాశి పోసి పెట్టినది మన చూపు. తేడా ఒకటే. మిరప రైతుకు సాయంకాలానికి తక్‌పట్టీ అయినా చేతికి వస్తుంది. చూపును అమ్ముకొన్నవానికి అదీ రాదు.

దీనివల్ల వ్యాపార ప్రచారం స్వభావమే మారిపోయింది. చాటింపు వేసేవాడు ఊరందరికీ ఒకే మాట చెప్పేవాడని ఇందాక మనవి చేశాను. ఇప్పుడు ఒకే ఇంట్లో తండ్రికి ఒక ప్రకటన, కొడుక్కు మరొకటి, కోడలికి ఇంకొకటి కనబడుతుంది. ఎవరికి ఏమి కనబడిందో ప్రక్కవారికి తెలియదు. రచ్చబండ దగ్గర పదిమంది కలిసి వింటే, ఇదేమిటోయ్, నిరుడు ఇట్లాగే చెప్పి మట్టి అంటగట్టిపోయినాడు గదా అని అనేవాడు ఒకడయినా ఉంటాడు. ఒంటరిగా పడుకొని తెర చూచేవానికి ఆ ఒక్కడు లేడు. ప్రకటనకు, కబురుకు నడుమ మ్రోగే గంట కూడ లేదు. స్నేహితుడు పంపిన వీడియోవలె కనబడేది సొమ్ము పుచ్చుకొని చేసిన ప్రచారం కావచ్చు.

2021–22 మిరప కారులో ఇది ఎంత ప్రమాదకరమో తెలిసివచ్చింది. ఆ ఏడు నల్ల తామరపురుగు అనే కొత్త పురుగు వరంగల్లు, మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల మిరప తోటలమీద విరుచుకుపడింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగు పూలలో గుంపులుగా చేరి రసం పీల్చి, పూతను రాల్చివేస్తుంది. పూత రాలిపోతున్న తోటలో నిలబడిన రైతు చేతిలోని ఫోను అప్పుడు రెండు రకాల మనుషుల మాటలను మోసుకు వచ్చింది. నీలిరంగు జిగురు అట్టలు కట్టండి, మందుల మీద మందులు కలిపి కొట్టకండి, అట్లా కొడితే పురుగు మరింత చెలరేగుతుంది అని శాస్త్రజ్ఞులు చెప్పిన మాట ఒకటి. ఈ సీసా కొట్టండి, మూడు రోజులలో చేను పచ్చబడుతుంది అనే అంగడి మాట మరొకటి. రెండూ ఒకే తెరమీద, ఒకే పరిమాణంలో, ఒకదాని వెంట ఒకటి. రెండవది చెప్పేవాని గొంతులోనే ఎక్కువ ధీమా వినిపిస్తుంది. శాస్త్రజ్ఞుడు ఎప్పుడూ కావచ్చు, కాకపోవచ్చు అని ఆగి ఆగి చెబుతాడు. ఆ పరిస్థితిలో మనమయినా ఎవరి మాట వింటాము?

చట్టం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ప్రకటనలో కనబడి సరుకును మెచ్చుకొన్నవారిమీద కూడ ఈ చర్య తీసుకోవచ్చు. సొమ్ముగాని, వస్తువుగాని పుచ్చుకొని సామాజిక మాధ్యమాలలో ప్రచారం చేసేవారు ఆ సంగతిని స్పష్టంగా, చూచేవారికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సూచనలు జారీ చేసింది. ఇవన్నీ మంచివే. కాని ఒకనికి కనబడి మరొకనికి కనబడక, రేపటికి మాయమయ్యే ప్రకటనను పట్టుకోవడం ఎట్లాగనే చిక్కు ఉండనే ఉన్నది. అందుచేత అటువంటి ప్రకటన చూచి విత్తనంగాని, మందుగాని కొనేవారు రెండు పనులు చేయాలి. తెరమీద కనబడినదాన్ని అట్లాగే బొమ్మ తీసి ఫోనులో దాచుకోవాలి. ఎంత తెలిసిన దుకాణమయినా రశీదు అడిగి తీసుకోవాలి. మందు సంగతి అనుమానమయితే కిసాన్ కాల్ సెంటరు 1800 180 1551 అనే అంకెకు ఖర్చు లేకుండా మాట్లాడి, తెలుగులోనే సలహా పొందవచ్చు.

ఇంతవరకు చెప్పినది విని, ఈ మనిషి రేడియోవాడు గనుక ఫోనుమీద అసూయ పెట్టుకొన్నాడని శ్రోతలు అనుకోవచ్చు. కొంత అసూయ ఉన్నమాట నిజమే. జగిత్యాల జిల్లాలో లంబాడిపల్లి అనే పల్లె ఉన్నది. అక్కడ శ్రీరామ్ శ్రీకాంత్ అనే యువకుడు 2012లో మై విలేజ్ షో అనే యూట్యూబు చానలు ప్రారంభించాడు. పొలం పనులతో బ్రతికిన గంగవ్వ అనే వృద్ధురాలు అందులో తన యాసలో, తన మాటలే మాట్లాడి తెలుగువారందరికీ తెలిసిన మనిషి అయింది. చివరకు సినిమావారు తమ చిత్రాల ప్రచారానికి ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. స్టూడియోలలో ఉచ్చారణ పరీక్షలు పెట్టి మనుషులను ఎన్నుకొన్న మావంటివారికి గంగవ్వ ఒక ప్రశ్న వేసినట్టే లెక్క. అట్లాగే గోర్ బోలీ పాటలు, ఆ భాషలో హాస్యం, తండాల పండుగలు ఈనాడు యూట్యూబులో కోకొల్లలుగా ఉన్నవి. సొంత లిపి లేని భాషకు, వ్రాతతో పని లేకుండా గొంతును దూరానికి పంపే సాధనం దొరికింది. గార్ల తండాలో కూర్చున్న అవ్వ మహారాష్ట్రలోని బంజారాల పాట వింటున్నదంటే దానిని చిన్న సంగతి అనరాదు.

వ్యాపారంలోనూ మంచి లేకపోలేదు. వరంగల్లు ప్రాంతంలో పండే చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. టమాటా వలె గుండ్రంగా ఉండి, కారం తక్కువగా, రంగు గాఢంగా ఉండే కాయ ఇది. టమాటా మిర్చి అనే పేరు అందువల్లనే వచ్చింది. ఈ గుర్తింపును కోరిన తిమ్మంపేట రైతుల ఉత్పత్తిదారుల సంస్థకు అండగా నిలిచినది మహబూబాబాద్ జిల్లాలోనే ఉన్న మల్యాల ఉద్యాన పరిశోధనా స్థానం. ఇటువంటి సరుకుకు జెండా అక్కర లేదు, పేరు చాలు. పేరు తెలిసిన గృహిణి హైదరాబాదులో ఉండి ఫోనులో అడిగి, సొమ్ము ఫోనులోనే పంపి, కారం పొడి తెప్పించుకోవచ్చు. అయితే ఒక రైతు ఒంటరిగా చేయగల పని కాదిది. కాయను ఆరబెట్టి, తొడిమ తీసి, పొడి కొట్టించి, పొట్లం కట్టి, పంపి, చెడిపోయిందని అడిగినవారికి జవాబు చెప్పేందుకు సంఘమంటూ ఒకటి ఉండాలి. సంఘమున్నచోట ఫోను పనివాడు; లేనిచోట ఫోనే యజమాని.

కబుర్లను గురించి ఒక్క సంగతి చెప్పకుండా ముగించలేను. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నవని తెలంగాణ పల్లెలలో వాట్సాపు ద్వారా పుకార్లు వ్యాపించినవి. అపరిచితులను కొట్టి చంపిన దారుణాలు జరిగినవి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణిగా ఉన్న రెమా రాజేశ్వరి ఫోను కబురును ఫోను కబురుతో ఎదిరించి ఊరుకోలేదు. పోలీసులను ఊరూరికీ పంపి, గ్రామస్థులతో ముఖాముఖి మాట్లాడించారు. జానపద గాయకులచేత పాటలు పాడించారు. డప్పు కొట్టించి చాటింపు వేయించారు. సుమారు 400 గ్రామాలున్న ఆమె పరిధిలో ఒక్క ప్రాణం కూడ పోలేదు. వాట్సాపు సంస్థ ఆ సంవత్సరం జూలైలో, ఒక కబురును ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా మన దేశంలో కట్టడి పెట్టింది. వేగాన్ని తగ్గించడానికి ఆ కట్టడి పనికివచ్చి ఉండవచ్చు. జనం నమ్మినది మాత్రం తమ ఎదుట నిలబడి చెప్పిన మనిషిని.

మళ్లీ గార్ల రైతు దగ్గరకు వద్దాము. అతనికి ఫోను వద్దని చెప్పే అధికారం ఎవరికీ లేదు. చెప్పినా అతడు వినడు, వినవలసిన పని లేదు. అతని చేతిలోని ఆ ఫోనులోనే, ఎవరూ పంపించకపోయినా వెతికితే దొరికే లెక్క ఒకటి ఉన్నది. ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్‌లోను, ఈ-నామ్‌లోను మార్కెట్టు వారీగా ప్రతి సరుకుకు మూడు ధరలు ఇస్తారు. ఒకటి కనిష్ఠం, ఒకటి గరిష్ఠం, మూడవది ఆనాడు ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర. దీనిని మోడల్ ధర అంటారు. మార్కెట్టుకు ఎంత సరుకు వచ్చిందో కూడ ప్రక్కనే వ్రాస్తారు. బండి మాట్లాడుకొనే ముందు రైతు చూడవలసినవి ఆ మూడవ అంకె, ఆ వచ్చిన సరుకు పరిమాణం. ఎర్రని రాశి బొమ్మతో చేతినుంచి చేతికి మారే కబురులో ఈ రెండూ సాధారణంగా ఉండవు. ఇంట్లో చదువుకొన్న పిల్ల ఉంటే పది నిముషాలలో తీసి చూపగలదు. వరంగల్లుకూ ఖమ్మానికీ రెండింటికీ తీసి, బండి బాడుగ తగ్గించి పోల్చుకొంటే, బాకీ లేనివానికయినా దారి తేలుతుంది. రేడియోలో ధరవరలు చదివే మేము కూడ గరిష్ఠ ధర ఒక్కటే చదివి ఊరుకోక, మూడు అంకెలనూ వరుసగా చదవవలసి ఉన్నది. దానికి ఒక్కొక్క సరుకుకు పది సెకండ్లు ఎక్కువ పడుతుంది.